నాన్న మందుల డబ్బా

ఒంట్లో నీరసంగా ఉందా... ఓ బలం గోలీ వేసుకో! పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లో వినిపించే మాటే ఇది. ఆ గోలీ ఏమిటో, ఎందుకో, ఎన్నాళ్లో... ఎప్పుడైనా అడిగామా?

దసరా సెలవులకు ఊరెళ్లినప్పుడు మొదట గమనించింది మావాడు. 'తాతయ్యా, ఇంకో చెప్పేదీ?' అని అరిచాడు. చూస్తే, నాన్న ఒక కాలికి చెప్పుతో, రెండో కాలికి లేకుండా గుమ్మం దాకా వచ్చేశారు. ఆ రెండోది వీధి మలుపులో పడి ఉంది. అది జారిపోయిన సంగతే ఆయనకు తెలియలేదు. అందరం నవ్వాం. నాన్న కూడా నవ్వారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మనవడికి వేమన పద్యం చెబుతూ మూడో పాదం దగ్గర ఆగిపోయారు. కాసేపు దూలం వంక చూశారు. తర్వాత ఏమీ జరగనట్టే ఏకంగా మకుటం అందుకున్నారు. ముప్ఫై నాలుగేళ్లు తెలుగు మాస్టారుగా చేసిన మనిషి! ఈసారి ఎవరం నవ్వలేదు.

'డెబ్భై రెండొచ్చాయి కదే... వయసు' అంది అమ్మ. నేనూ అదే అనుకున్నాను. వయసు అనే మాటలో ఉన్న సుఖమే అది. ఆ మాట అనేశాక ఇంకేమీ వెతకక్కర్లేదు.

మర్నాడు పొద్దున ఎందుకో నాన్న మందుల డబ్బా తెరిచాను. మా చిన్నప్పుడు జంతికలు పోసిన రేకు డబ్బా. ఒక్కో స్ట్రిప్పూ తీసి మంచం మీద పరిస్తే పదకొండు రకాలు తేలాయి. షుగరుకు ఒకటి, బీపీకి ఒకటి, పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర ఒకటి. ఈ మూడూ డాక్టరు రాసినవి. మరి మిగతా ఎనిమిదీ?

'రక్తం పట్టడానికి' మందుల షాపు అబ్బాయి ఇచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర. పక్కింటి తాసీల్దారుగారు వాడుతున్నారని తెచ్చుకున్న కాల్షియం. గుండెకు మంచిదని ఎక్కడో చదివి కొన్న విటమిన్-ఇ. కళ్లకు ఒకటి, కీళ్లకు ఒకటి. జలుబు రాకుండా చప్పరించే సి-విటమిన్ బిళ్లలు. అమ్మతోపాటు తనూ వేసుకుంటున్న డి-విటమిన్. చివరగా, పాదాలు తిమ్మిరెక్కుతున్నాయంటే ఎవరో చెప్పిన 'నరాల మాత్ర'. పది రోజులు వేసుకుని, గుణం కనిపించలేదని వదిలేశారట.

ఇవి కాక, బీరువాలో పట్టుచీరల పక్కన భద్రంగా మరో సీసా. మా అక్క అమెరికా నుంచి తెచ్చింది. యాభై దాటినవాళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన మల్టీవిటమిన్. సీలు కూడా తీయలేదు. 'ఖరీదైంది కదమ్మా, అవసరానికి ఉంటుందని దాచా' అన్నారు నాన్న. చూస్తే గడువు తీరి ఏడాదిన్నర!

కడుపులోనే అడ్డం

గుంటూరులో మేం కలిసిన డాక్టరుగారు డబ్బా మొత్తం చూశారు. నాన్నను రెండే ప్రశ్నలు అడిగారు. 'షుగరు మాత్ర ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారు?' పద్నాలుగేళ్లు. 'గుడ్డు, చేప తింటారా?' అలవాటు లేదు. పెరుగు కూడా కొలెస్ట్రాల్ భయంతో మానేసి పలచటి మజ్జిగకు వచ్చేశారు. తర్వాత ఓ ట్యూనింగ్ ఫోర్కు మోగించి నాన్న కాలి బొటనవేలి మీద ఆనించారు. 'అదురుతోందా?' నాన్న తలూపారు, లేదని. నాకు అప్పుడు గుర్తొచ్చింది, వీధి మలుపులో పడివున్న చెప్పు.

రక్తపరీక్షలో బీ12 విటమిన్ 118 అని వచ్చింది. మామూలుగా 200 దాటి ఉండాలి.

పదకొండు రకాలు మింగుతున్న మనిషికి విటమిన్ లోపమేమిటి? అక్కడే ఉంది తిరకాసు. బీ12 మొక్కల్లో దొరకదు. మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు... వీటిలోనే ఉంటుంది. తిన్నంత మాత్రాన ఒంటికి పట్టదు కూడా. తిండిలోని ప్రొటీన్లకు అతుక్కుని ఉన్న ఈ విటమిన్‌ను ముందు కడుపులోని ఆమ్లం విడదీయాలి. తర్వాత కడుపు గోడల్లోంచి ఊరే మరో పదార్థం దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరి దాకా తీసుకెళ్లాలి. అక్కడికెళ్తేనే రక్తంలో కలుస్తుంది.

వయసు పెరిగేకొద్దీ చాలామందికి ఆమ్లం ఊరడం తగ్గుతుంది. దానికి తోడు ఏళ్ల తరబడి గ్యాస్ మాత్ర. దాని పనే ఆమ్లాన్ని తగ్గించడం. ఇక షుగరుకు ఎక్కువమంది వాడే మెట్‌ఫార్మిన్ అయితే పేగు చివర బీ12 లోపలికి వెళ్లకుండా అడ్డుపడుతుంది. అలాగని ఆ మందు చెడ్డదని కాదు. షుగరు రోగులకు అంత మేలు చేసే మందులు తక్కువ. కానీ ఏళ్లకేళ్లు వాడేవాళ్లకు అప్పుడప్పుడూ బీ12 చూస్తుండాలి. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఈ లోపం ఒక్కరోజులో బయటపడదు. కాలేయంలో మూడునాలుగేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అది కరిగిపోయేదాకా అంతా బాగున్నట్టే ఉంటుంది. తర్వాత పాదాల్లో తిమ్మిర్లు, నడకలో తూలు, మతిమరుపు, చిరాకు... అన్నీ 'వయసు' వేషంలోనే వస్తాయి.

సుబ్బారావుగారి మందు

మరి బీ12 తగ్గితే రక్తం కూడా తగ్గాలి కదా? నాన్న హిమోగ్లోబిన్ దాదాపు మామూలుగానే ఉంది. ఎందుకంటే ఆ 'రక్తం మాత్ర'!

అందులోని ఫోలిక్ యాసిడ్‌కీ మనకూ దగ్గర చుట్టరికం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా వెళ్లి, లెడర్లీ పరిశోధనశాలలో తన బృందంతో కలిసి 1940ల్లో దాన్ని తయారుచేసే దారి కనిపెట్టారు. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్న మనిషి. ఆ జబ్బుకే ఫోలిక్ యాసిడ్ మందైంది. ఇవాళ్టికీ గర్భిణులకు ఇచ్చే మాత్రల్లో ఉండేది అదే.

అయితే ఆ రోజుల్లోనే వైద్యులు ఓ విషయం గమనించారు. బీ12 లోపం ఉన్నవాళ్లకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం పుంజుకుంటోంది... నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉన్నాయి. అంటే ఇంట్లో పొగ బయటకు కనపడకుండా కిటికీలు మూసేయడమన్నమాట. లోపల నిప్పు అలాగే ఉంటుంది. నాన్న విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. మందు మంచిదే. అడక్కుండా వేసుకోవడమే తప్పు.

ఇంకో విడ్డూరం చెప్పనా? ఆయన పది రోజులు వేసుకుని వదిలేసిన నరాల మాత్రలో ఉన్నది బీ12. అవసరమైన ఒక్క మాత్రనూ మానేసి, అక్కర్లేని వాటిని క్రమం తప్పకుండా మింగారు!

ఎండలున్నా కరవే

ఇక అమ్మ కథ. మోకాళ్ల నొప్పులంటే డాక్టరు డి-విటమిన్ రాశారు. 60 వేల యూనిట్ల పొట్లం, వారానికొకటి, ఎనిమిది వారాలు. అమ్మ ఏడాదిన్నరగా వేసుకుంటూనే ఉంది. కొన్నాళ్లు తనే నాన్నకూ పెట్టింది. 'మానేయమని ఎవరూ చెప్పలేదుగా!' అంటుంది. నిజమే, చీటీ మీద రాసిన ఎనిమిది అంకె తనంతట తాను మాట్లాడదు.

మనకు ఎండలకు కొదవ లేదు. అయినా డి-విటమిన్ లోపం ఎక్కువే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో 2000 తర్వాత జరిగిన పరిశోధనలు ఈ సంగతిని బయటపెట్టాయి. పట్నవాసులకే కాదు, పొలాల్లో పనిచేసే పల్లె జనంలోనూ చాలామందికి ఆ విటమిన్ చాలినంత లేదు. పైగా మన ఒంటిరంగుకు ఏ పొద్దుటి ఎండో, సాయంత్రపు ఎండో సరిపోదు. పదకొండు నుంచి రెండు మధ్య ఎండ తగలాలి. ఆ వేళకు పెద్దవాళ్లు బయటికొస్తే వడదెబ్బ భయం. దానికి తోడు వయసుతో చర్మం చేసుకునే డి-విటమిన్ కూడా తగ్గిపోతుంది. ఇరవైల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే డెబ్భైల్లో దాదాపు నాలుగో వంతే.

అందుకని పెద్దవాళ్లలో చాలామందికి డి-విటమిన్ అవసరమే. రోజుకు కావలసింది 600 నుంచి 800 యూనిట్లు. లోపం ఎక్కువగా ఉంటే కొన్ని వారాలు పెద్ద మోతాదు ఇచ్చి, తర్వాత తగ్గిస్తారు. కానీ ఎక్కువైతే ఎక్కువ మేలు జరగదు. ఆస్ట్రేలియాలో డెబ్భై దాటిన 2,256 మంది మహిళల మీద ఓ పరిశోధన జరిగింది. సగం మందికి ఏడాదికోసారి ఏకంగా 5 లక్షల యూనిట్లు ఇచ్చారు. ఎముకలు విరగకుండా ఉంటాయని ఆశ. 2010లో ఫలితాలు చూస్తే ఆ మందు వేసుకున్నవాళ్లే ఎక్కువగా పడ్డారు. వాళ్ల ఎముకలే ఎక్కువగా విరిగాయి!

నీటిలో కరిగే బీ, సి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. బీ-కాంప్లెక్స్ వేసుకున్న రోజు పచ్చగా పోయేది అదే. డి అలా కాదు. ఒంట్లోని కొవ్వులో పేరుకుంటుంది. మరీ ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి దాహం, వాంతులు, మలబద్ధకం, మగత... చివరికి కిడ్నీలకే ముప్పు. వారానికి వేసుకోవాల్సిన పొట్లాన్ని పొరపాటున రోజూ వేసుకుని ఆస్పత్రి పాలైనవాళ్లూ ఉన్నారు. అమ్మ అదృష్టం, ఏమీ కాలేదు. పొట్లాలు మాన్పించారు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

సరే, లోపం లేకపోయినా ముందుజాగ్రత్తకు ఓ మల్టీవిటమిన్ వేసుకుంటే తప్పేముంది? ఈ ప్రశ్నకు సమాధానం కోసం పెద్ద పెద్ద పరిశోధనలే జరిగాయి.

ఫిన్లాండులో 29 వేలమందికి పైగా పొగతాగే మగవాళ్లను తీసుకుని కొందరికి బీటా కెరోటిన్ ఇచ్చారు. క్యారెట్లకు ఆ రంగునిచ్చేది అదే. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందనుకున్నారు. 1994లో చూస్తే 18 శాతం పెరిగింది! అమెరికాలో 35 వేలమంది మగవాళ్ల మీద విటమిన్-ఇ పరీక్షించారు. 2011 నాటి ఫలితం... దాన్ని వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. నాన్న 'గుండెకు మంచిదని' కొన్న మాత్ర అదే.

అక్కడే దాదాపు 26 వేలమందికి అయిదేళ్లకు పైగా డి-విటమిన్ ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. క్యాన్సర్లు, గుండెపోట్లు తగ్గలేదు. ఎముకలు విరగడమూ తగ్గలేదని 2022లో తేలింది. ఇక్కడో మెలిక ఉంది. వాళ్లలో ఎక్కువమందికి అసలు లోపమే లేదు. నిండిన కుండలో నీళ్లు పోస్తే ఏమవుతుంది? ఒలికిపోతాయి, అంతే. మల్టీవిటమిన్ల సంగతీ అలాగే ఉంది. దాదాపు 3.9 లక్షలమంది ఆరోగ్యవంతుల వివరాలను ఇరవై ఏళ్లకు పైగా గమనించి, రోజూ మల్టీవిటమిన్ వేసుకున్నంత మాత్రాన ఆయుష్షు పెరగలేదని 2024లో చెప్పారు.

అలాగని పూర్తిగా దండగ అని కూడా అనలేం. పద్నాలుగు వేలమందికి పైగా మగ వైద్యులే పాల్గొన్న ఓ పరిశోధనలో మల్టీవిటమిన్‌తో క్యాన్సర్లు 8 శాతం తగ్గాయని 2012లో తేలింది. అరవై దాటినవాళ్లలో జ్ఞాపకశక్తికి కొద్దిగా మేలు జరిగిందని 2022 తర్వాత వచ్చిన ఫలితాలు చెబుతున్నాయి. కొద్దిగానే. సీసా మీది ప్రకటనల్లో ఉన్నంత మాత్రం కాదు.

వాటిలో వాటికి పడదు

మాత్రలకీ మాత్రలకీ మధ్య తగవులుంటాయి. పెద్దవాళ్ల డబ్బాలో అవన్నీ పక్కపక్కనే ఉంటాయి.

పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, టిఫిన్ కాగానే కాల్షియం, ఐరన్ వేసుకునేవాళ్లు ఎంతమందో! అలా వేసుకుంటే థైరాయిడ్ మందు ఒంటికి సరిగా పట్టదు. మధ్యలో నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. ఐరన్‌కు కాల్షియంతో పడదు. కాఫీ, టీలతో అసలే పడదు. స్టెంటు వేయించుకునో, వాల్వు మార్పించుకునో రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు విటమిన్-ఇ, విటమిన్-కె ఉన్న మాత్రల జోలికి సొంతంగా వెళ్లకూడదు. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ వల్ల కొన్నిసార్లు థైరాయిడ్ పరీక్షలు, గుండెపోటును గుర్తించే రక్తపరీక్ష కూడా తప్పుగా వస్తాయి. పరీక్షకు వెళ్లేముందు చెప్పాలి. బీ6 నరాలకు మంచిదే... అదే ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే తిమ్మిర్లు తెప్పిస్తుంది!

పైగా వీటిలో చాలా సీసాలు చట్టం ప్రకారం మందులు కావు, ఆహారం కోవలోకి వస్తాయి. ఔషధంగా వాడేందుకు కాదని లేబుల్ మీద రాసే ఉంటుంది. భూతద్దం పెట్టుకుని చూస్తే కనపడుతుంది.

ఇక పల్లెల్లో పసుపు రంగు సెలైన్ సంగతి తెలిసిందే. నీరసమంటే చాలు, ఆర్‌ఎంపీ వచ్చి మంచం కోడుకు సీసా వేలాడదీసి, అందులోకి విటమిన్ ఇంజెక్షన్ ఎక్కిస్తారు. నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. బాటిల్ ఎక్కగానే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. నీళ్లు, ఉప్పు, కాస్త గ్లూకోజు, బోలెడు నమ్మకం... అందులో ఉన్నవి ప్రధానంగా ఇవే. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు ఆ నీళ్లే ప్రమాదం.

పళ్లెం వైపు చూద్దాం

నిజానికి చాలామంది పెద్దవాళ్ల నీరసానికి కారణం విటమిన్లు కాదు, పళ్లెం. పళ్లు కదిలి కూరలు తగ్గుతాయి. షుగరని పండు మానేస్తారు. రాత్రికి రెండిడ్లీలు, కాస్త పచ్చడి. ఒంటరిగా ఉండేవాళ్లయితే 'ఒక్కదానికి ఏం వండుకుంటాను' అని పెరుగన్నంతో సరి. కండ కరిగిపోతుంది. దానికి ఏ గోలీ లేదు. పప్పు, గుడ్డు, పాలు, చేప... ఇవే మందు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఇంట్లో నువ్వులుండలు ఉండనే ఉన్నాయి. బీ12 మాత్రం శాకాహారులైన పెద్దవాళ్లకు తిండితోనే సరిపోవడం కష్టం. వాళ్లు పరీక్ష చేయించుకుని, డాక్టరు చెబితే మాత్ర వేసుకోవాల్సిందే. మాత్రలోని బీ12ను విడదీయడానికి కడుపులో ఆమ్లంతో పని ఉండదు. అందుకే అది పెద్దవయసులోనూ ఒంటికి పడుతుంది.

అంతా చదివి ఇవాళే అన్నీ అవతల పారేయకండి. డాక్టరు రాసినవాటిని సొంతంగా మానేయకూడదు. డబ్బా మొత్తం ఓ సంచిలో వేసుకుని వెళ్లి ఆయన బల్ల మీద పోయండి. ఒక్కోదానికీ మూడే ప్రశ్నలు... ఇది ఎందుకు? ఎంత మోతాదు? ఎన్నాళ్లు? మూడింటికీ సమాధానం ఉన్నవే తిరిగి డబ్బాలోకి వెళ్లాలి. మతిమరుపు, తిమ్మిర్లు, తూలు ఉంటే బీ12, థైరాయిడ్ చూడమని అడగండి. ప్రతి మతిమరుపూ బీ12 వల్లే రాదు. కానీ అదే కారణమైతే మాత్రం సరిచేసే అవకాశం ఉంటుంది. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మేలు.

మూడో పాదం

నాన్నకు ముందు రోజు విడిచి రోజు ఇంజెక్షన్లు ఇచ్చారు. తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. పదకొండు రకాలు అయిదయ్యాయి. ఏడు నెలలు గడిచాయి. చిరాకు తగ్గింది. పేపరు మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, అచ్చుతప్పులు ఏరి నాకు ఫోన్‌లో చెబుతున్నారు. ఆయన కోలుకున్నారనడానికి ఇంతకంటే రుజువేముంది!

పాదాలు మాత్రం పూర్తిగా రాలేదు. 'దూది మీద నడుస్తున్నట్టుందమ్మా' అంటారు. నరాలు దెబ్బతిని ఎక్కువకాలమైతే కొంత నష్టం అలాగే ఉండిపోవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. వెనక బెల్టు ఉన్న చెప్పులు కొనిచ్చాను. రెండేళ్ల ముందే చూసి ఉంటే... అన్న మాట నా గొంతులోనే ఉంది.

ఎందుకంటే, ఆ రెండేళ్లూ నేను ప్రతి ఆదివారం ఫోన్ చేశాను. ప్రతిసారీ అడిగాను. 'మందులు వేసుకుంటున్నావా నాన్నా?' ఆయన ప్రతిసారీ 'ఆఁ, వేసుకుంటున్నా' అన్నారు. అబద్ధం కాదు. నేను అడగాల్సిన ప్రశ్న అది కాదు, అంతే.

మొన్న ఉగాదికి వెళ్లినప్పుడు మావాడు మళ్లీ పద్యం అడిగాడు. నాన్న మొదలుపెట్టారు. మొదటి పాదం... రెండోది... నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అమ్మ కూడా. మూడోది వచ్చింది. గడగడా వచ్చేసింది.

ఇవాళ ఆదివారం. మీరూ ఇంటికి ఫోన్ చేస్తారుగా? ఈసారి ఆ డబ్బా తెరిపించండి. ఒక్కో పేరూ చదివించుకోండి. ఆలస్యమైనా ఫర్వాలేదు, ఫోన్ పెట్టేయకండి.